అనుబంధం అనే మాట: బోథ్ నుంచి విశ్వవిద్యాలయ బాధ్యతపై ఒక విచారణ

'అనుబంధం' అనే మాట తెలుగులో లోకవ్యవహారంలోనూ, పాలనావ్యవహారంలోనూ, శాస్త్రవ్యవహారంలోనూ కనిపిస్తుంది. లోకవ్యవహారంలో అది మనుషుల మధ్య ఆప్యాయతతో ఏర్పడిన విడదీయరాని సంబంధం. పాలనావ్యవహారంలో అది ఒక కళాశాలకూ, ఆ కళాశాలకు పాఠ్యప్రణాళికను, పరీక్షను, పట్టాను ఇచ్చే విశ్వవిద్యాలయానికీ మధ్య ఉన్న చట్టబద్ధమైన లంకె. శాస్త్రవ్యవహారంలో దానికి రెండు ప్రసిద్ధార్థాలున్నాయి. వ్యాకరణంలో ప్రత్యయానికి చేరి, తన కార్యం నెరవేర్చి, లోపించే వర్ణం అనుబంధం. వేదాంతంలో గ్రంథారంభాన చెప్పవలసిన అధికారి, విషయం, సంబంధం, ప్రయోజనం అనే నాలుగింటిని కలిపి అనుబంధ చతుష్టయం అంటారు. ఈ నాలుగూ తెలియని గ్రంథంలో వివేకి ప్రవేశించడని పెద్దల అభిప్రాయం.

ఒకే మాటకు ఇన్ని అర్థాలుండటం విశేషమేమీ కాదు. అయితే 'అనుబంధ కళాశాల' అన్నప్పుడు ఈ అర్థాలలో ఏది నిలుస్తున్నదన్న ప్రశ్న నైతికమైనది. ఆదిలాబాద్ జిల్లాలోని బోథ్ వంటి ప్రాంతం నుంచి చూసినప్పుడు ఈ ప్రశ్న మరింత స్పష్టంగా రూపు కడుతుంది. విశ్వవిద్యాలయం తన పరిధిలోని ఒక దూరప్రాంతానికి ఏమి బాకీ పడి ఉంటుంది? ఆ బాకీ చట్టం రాసినంత వరకేనా, లేక చట్టానికి ముందే ఉన్న మరో ధర్మం నుంచి పుడుతుందా? ఈ ప్రశ్నను అనుబంధ చతుష్టయమనే చట్రంలో పరిశీలించడం ఈ వ్యాసం లక్ష్యం.

పరిధి ఏర్పడిన తీరు

భారతదేశంలో ఆధునిక విశ్వవిద్యాలయం బోధనాసంస్థగా మొదలు కాలేదు. 1857లో కలకత్తా, బొంబాయి, మద్రాసు నగరాలలో ఏర్పడిన మూడు విశ్వవిద్యాలయాలూ లండన్ విశ్వవిద్యాలయం నమూనాను అనుసరించి ప్రధానంగా పరీక్షలు జరిపి పట్టాలిచ్చే సంస్థలుగా పనిచేశాయి. బోధన కళాశాలలలో జరిగేది. 1904 నాటి విశ్వవిద్యాలయాల చట్టం తరువాతనే విశ్వవిద్యాలయం స్వయంగా బోధించే బాధ్యతకు చట్టపరమైన బలం వచ్చింది. అనుబంధ వ్యవస్థ పుట్టుకలోనే బోధించే చోటు ఒకటి, తీర్పు చెప్పే చోటు మరొకటి అనే విభజన ఉంది.

హైదరాబాద్ రాజ్యంలో 1918లో స్థాపితమైన ఉస్మానియా విశ్వవిద్యాలయం ఈ ఒరవడికి భిన్నమైన ఆదర్శంతో వచ్చింది. ఒక భారతీయ భాష ఉన్నత విద్యకు మాధ్యమం కాగలదన్న విశ్వాసం దాని పునాది. అందుకోసం 1917లోనే అనువాద విభాగం పనిచేయడం మొదలుపెట్టింది. విజ్ఞానశాస్త్రాలను, చరిత్రను, తత్త్వశాస్త్రాన్ని ఉర్దూలోకి తెచ్చి, పరిభాషను నిర్మించి, ఆ గ్రంథాలతో పాఠం చెప్పించింది. తెలుగు శాఖ ఆరంభదశలో రాయప్రోలు సుబ్బారావు వంటి కవి అక్కడ అధ్యాపకుడయ్యాడు. 1930వ దశకంలో లేచిన ఆర్ట్స్ కళాశాల భవనం, వసతిగృహాలు, వాటి చుట్టూ పెరిగిన చర్చలు, ఉద్యమాలు కలిసి 'ప్రాంగణ జీవితం' అనే భావనకు తెలంగాణలో తొలి రూపం ఇచ్చాయి.

వరంగల్లులో ఉస్మానియాకు ఉన్న స్నాతకోత్తర కేంద్రమే 1976లో కాకతీయ విశ్వవిద్యాలయంగా రూపొందింది. వరంగల్, ఖమ్మం, కరీంనగర్, ఆదిలాబాద్ జిల్లాలు దాని పరిధిలోకి వచ్చాయి. 2008లో కరీంనగర్‌లో శాతవాహన విశ్వవిద్యాలయం ఏర్పడి ఆ జిల్లాను తన పరిధిలోకి తీసుకుంది. ఆదిలాబాద్ మాత్రం కాకతీయలోనే మిగిలింది. అదే 2008లో ఆదిలాబాద్ జిల్లాలోనే, గోదావరి ఒడ్డున, బాసరలో గ్రామీణ విద్యార్థుల కోసం సాంకేతిక విద్యాలయం వెలిసింది. పదవ తరగతి తరువాత ఆరేండ్లపాటు అక్కడే ఉండి చదువుకునే ఆవాస విధానం దానిది. అయితే అది ఎంపికైనవారికి మాత్రమే తలుపు తెరుస్తుంది. ఒక జిల్లాలో విశ్వవిద్యాలయం ఉండటం, ఆ జిల్లాకు విశ్వవిద్యాలయం ఉండటం ఒకటి కావు.

బోథ్ ఈ పటంలో అంచున ఉంది. హైదరాబాద్-నాగపూర్ జాతీయ రహదారికి కొంత లోపలగా, మహారాష్ట్రలోని కిన్వట్ వైపు సరిహద్దుకు చేరువగా ఉన్న ఈ ప్రాంతంలో తెలుగుతో పాటు మరాఠీ, గోండీ, ఉర్దూ, లంబాడీ వినిపిస్తాయి. పత్తి పండే నల్లరేగళ్లు, కడెం వాగు మీది పొచ్చెర, కుంటాల జలపాతాలు దీని గుర్తులు. శాసనసభా నియోజకవర్గంగా ఇది షెడ్యూల్డు తెగలకు కేటాయించిన స్థానం. ఇక్కడి నుంచి వరంగల్లు రెండు వందల కిలోమీటర్లకు మించిన దూరం. ఇక్కడి యువకుడు ఆదిలాబాద్‌లోనో, నిర్మల్‌లోనో డిగ్రీ చదివితే అతని పట్టా మీద ఉండే పేరు కాకతీయ విశ్వవిద్యాలయానిది. విద్యారణ్యపురిలోని ఆ ప్రాంగణంలో అడుగు పెట్టకుండానే అతడు ఆ విశ్వవిద్యాలయ పట్టభద్రుడు కాగలడు. ఇది ఏ ఒక్క విశ్వవిద్యాలయపు ప్రత్యేక లక్షణమూ కాదు. అనుబంధ వ్యవస్థ స్వభావమే అది.

అధికారి: ఎవరు విద్యార్థి?

సంస్కృతంలో శిష్యుడికి ఉన్న పర్యాయపదాలలో 'అంతేవాసి' ఒకటి. గురువుకు సమీపంలో నివసించేవాడని దాని అర్థం. తైత్తిరీయోపనిషత్తులోని శిక్షావల్లిలో విద్య ముగించి వెళ్లే శిష్యుడికి ఆచార్యుడు చేసే అనుశాసనం ప్రసిద్ధం. నేటి స్నాతకోత్సవాలలో దానిని స్మరించే ఆచారమూ ఉంది. ఆ అనుశాసనంలో తరచు గమనించని ఒక అంశముంది. తమ నడతలో మంచివైన వాటినే అనుసరించమనీ, ఇతరమైన వాటిని కాదనీ ఆచార్యుడు శిష్యుడితో చెబుతాడు. గురువుల నడతను దగ్గరగా చూసినవాడికే ఈ మాట అర్థవంతమవుతుంది. మంచిచెడులను వేరు చేయాలంటే ముందు రెండింటినీ చూసి ఉండాలి. అనుశాసనం సహవాసాన్ని ముందే ఊహిస్తున్నది.

అనుబంధ కళాశాల విద్యార్థి విశ్వవిద్యాలయానికి అంతేవాసి కాడు. అతనికి అందేవి పాఠ్యప్రణాళిక, ప్రశ్నపత్రం, ఫలితం. విశ్వవిద్యాలయం తనను తాను సరిదిద్దుకునే తీరు, ఆచార్యుల మధ్య భేదాభిప్రాయం, ఒక సిద్ధాంతం వీగిపోయి మరొకటి నిలబడే క్రమం అతని కంటికి ఆనవు. అందువల్ల అతనికి విద్య నిర్ణయంగా చేరుతుంది, విచారణగా చేరదు. ఈ తేడాను సౌకర్యాల తేడాగా మాత్రమే లెక్కించడం సరికాదు. భవనం లేకపోవడం కొరత. విచారణలో పాలు లేకపోవడం అన్యాయానికి దగ్గరైనది.

అధికారి ఎవరన్న ప్రశ్న ఉస్మానియా చరిత్రలో మరో విధంగా ఎదురయింది. దేశభాషలో ఉన్నతవిద్య అనే దాని ఆదర్శం గొప్పది. కాని రాజ్యంలోని అధిక సంఖ్యాకుల తల్లిభాషలు తెలుగు, మరాఠీ, కన్నడం. ఆదర్శం చెప్పిన 'స్వభాష' ఎవరి స్వభాష అన్న సందేహం ఆ ఆదర్శం నుంచే పుట్టింది. 1938లో వసతిగృహాలలో వందేమాతర గీతాలాపన మీద నిషేధం వచ్చినప్పుడు విద్యార్థులు ఎదురు తిరిగారు. పెద్ద సంఖ్యలో విద్యార్థులను విశ్వవిద్యాలయం బహిష్కరించింది. వారిలో పలువురికి నాగపూర్ విశ్వవిద్యాలయం చోటిచ్చింది. తరువాతి కాలంలో ప్రధానమంత్రి అయిన పి.వి. నరసింహారావు వారిలో ఒకరు.

ఈ సంఘటనను జాతీయోద్యమ చరిత్రలో భాగంగా చెప్పుకోవడం పరిపాటి. విశ్వవిద్యాలయ ధర్మం దృష్ట్యా దీనిలో మరో పాఠముంది. ఆ విద్యార్థుల మీద ఉస్మానియాకు పూర్తి పరిధి ఉంది. నాగపూర్‌కు ఏ పరిధీ లేదు. పరిధి ఉన్న చోట ద్వారం మూసుకుంది, పరిధి లేని చోట తెరుచుకుంది. పరిధి, బాధ్యత అనేవి విడివిడిగా ఉండగలవని ఇది నిరూపిస్తుంది. నాగపూర్ చేసినది ఔదార్యమే గాని బాధ్యత కాదని వాదించవచ్చు. ఆ వాదాన్ని అంగీకరించినా దాని నుంచి తేలేది మరింత బలమైన విషయమే. ఏ సంబంధమూ లేనివారికి చోటివ్వడం ఔదార్యమైతే, చట్టం ద్వారా తనవారని ప్రకటించుకున్నవారికి చోటివ్వడం ఔదార్యం కాజాలదు. అది విధి. నాగపూర్‌ను మెచ్చుకునే ప్రతి విశ్వవిద్యాలయమూ తన అంచున ఉన్న విద్యార్థి విషయంలో అంతకన్న ఎక్కువే చేయవలసి ఉంటుంది.

విషయం: ఎవరి జ్ఞానం?

దూరప్రాంతానికి విశ్వవిద్యాలయం జ్ఞానాన్ని ఇస్తుందన్నది సాధారణ భావన. అక్కడి నుంచి అది ఎంతో తీసుకుంటుందన్నది అంతగా చర్చకు రాని సత్యం. ఆదిలాబాద్ అడవి ప్రాంతం ఇందుకు గట్టి ఉదాహరణ.

1940లో జోడేఘాట్ వద్ద కుమ్రం భీము హతుడయ్యాడు. ఆ తరువాత గోండుల స్థితిగతుల అధ్యయనం మానవశాస్త్రవేత్త క్రిస్టోఫ్ వాన్ ఫ్యూరర్ హైమెన్‌డార్ఫ్ చేతికి వచ్చింది. ఆయన మార్లవాయి గ్రామంలో నివసించి గోండుల జీవితాన్ని పరిశీలించాడు. నిజాం ప్రభుత్వానికి గిరిజన వ్యవహారాల సలహాదారుగా, ఉస్మానియాలో మానవశాస్త్ర ఆచార్యుడుగా పనిచేశాడు. ఆదిలాబాద్ రాజగోండుల మీద ఆయన రాసిన గ్రంథం 1948లో వెలువడి, ప్రపంచ మానవశాస్త్రంలో ఈ జిల్లాకు స్థానం కల్పించింది. ఆయన తీసుకున్నది చాలా ఉంది. ఇచ్చిందీ ఉంది. 1943లో మార్లవాయిలో గోండు యువకులను ఉపాధ్యాయులుగా తీర్చిదిద్దే శిక్షణ కేంద్రం మొదలయింది. ఆ ప్రాంతంలో మరాఠీ ప్రాచుర్యం కారణంగా దేవనాగరి లిపిలో గోండీ వాచకాలు తయారయ్యాయి. పరిశోధకుడు తాను నేర్చుకున్న భాషనే ఆ భాష మాట్లాడేవారికి చదువుగా తిరిగి అందించే ప్రయత్నమది. దానికి వెనుక ఒక రాజ్యపు పాలనావసరాలు కూడా ఉన్నాయన్నది నిజం. అయినా తీసుకున్న చోటికే తిరిగి ఇవ్వడమన్న సూత్రం అందులో కనిపిస్తుంది.

ఇటీవలి ఉదాహరణ గుంజాల గోండీ లిపి. నార్నూరు మండలంలోని గుంజాల గ్రామంలో లభించిన రాతప్రతుల ఆధారంగా ఈ లిపి విద్వల్లోకానికి పరిచయమయింది. హైదరాబాద్ విశ్వవిద్యాలయంలో జయధీర్ తిరుమలరావు ప్రభృతులు చేసిన కృషి ఇందుకు ముఖ్యకారణం. 2018లో ఈ లిపి యూనికోడ్‌లో చోటు చేసుకుంది. ఇక్కడ గమనించవలసినది నామకరణం. లిపికి పరిశోధకుడి పేరు గాని, సంస్థ పేరు గాని రాలేదు, ఊరి పేరు వచ్చింది. ఆ రాతప్రతులను తరతరాలుగా దాచుకున్నవారి హక్కును ఆ పేరు అంగీకరిస్తున్నది. పరిశోధనా నీతి పెద్ద సిద్ధాంతాలతోనే మొదలు కానక్కరలేదు, సరైన పేరు పెట్టడంతో కూడా మొదలు కావచ్చు.

తెలుగు శాఖలకు ఈ అంశం మరింత దగ్గరిది. 1950వ దశకంలో బిరుదురాజు రామరాజు ఉస్మానియాలో జానపదగేయ సాహిత్యం మీద చేసిన పరిశోధన తరువాత, పాట పాడేవాళ్లు విశ్వవిద్యాలయ విషయంలో భాగమయ్యారు. నాటి నుంచి ఎన్నో సిద్ధాంతగ్రంథాలు పల్లెల నుంచి, గూడేల నుంచి సేకరించిన సామగ్రి మీద నిలబడ్డాయి. ఆ గ్రంథాలలో సేకర్త పేరు ముఖపత్రం మీద ఉంటుంది. వక్త పేరు అనుబంధంలో ఉంటుంది. అనుబంధం అనే మాట ఇక్కడ మరో రూపంలో ఎదురవుతున్నది. పాడినవాళ్లు సిద్ధాంతగ్రంథానికి చివరన చేర్చిన జాబితా, దూరపు కళాశాల విశ్వవిద్యాలయానికి చివరన చేర్చిన జాబితా.

దీనికి మరో పార్శ్వముంది. 1966లో అధికారభాషా చట్టంతో తెలుగు ఆంధ్రప్రదేశ్ పాలనాభాష అయింది. ఆదిలాబాద్‌లోని గోండు, కోలాము, లంబాడీ పిల్లలకు బడిలో ఎదురయిన భాష తెలుగు. ద్రావిడ భాషాశాస్త్రం ప్రకారం గోండీ తెలుగుకు దగ్గరి సోదరభాష. భద్రిరాజు కృష్ణమూర్తి వర్గీకరణలో ఈ రెండూ ఒకే ఉపకుటుంబంలోనివి. ఉర్దూ మాధ్యమం ముందు తెలుగు విద్యార్థి ఒకప్పుడు ఏ ప్రశ్న వేశాడో, అదే ప్రశ్నను గోండు విద్యార్థి తెలుగు ముందు వేయగలడు. స్వభాష అన్నప్పుడు ఎవరి స్వభాష? తెలుగు శాఖ ఒకనాడు ప్రశ్నించినవారి పక్షాన ఉంది. నేడు జవాబు చెప్పవలసినవారి పక్షాన ఉంది. తనకు జరిగిన అన్యాయాన్ని గుర్తుంచుకోవడం సులభం. ఆ గుర్తును తన అధికారానికి కొలమానంగా వాడుకోవడం కష్టం. నైతికత ఆ కష్టమైన పనిలోనే తేలుతుంది.

సంబంధం: ఋణమా, ఒప్పందమా?

అనుబంధాన్ని ఒప్పందంగా చూసేవారి వాదం ఇలా ఉంటుంది. కళాశాల నిర్ణీత రుసుము చెల్లిస్తుంది, విశ్వవిద్యాలయం పరీక్ష జరిపి పట్టా ఇస్తుంది. ఇరుపక్షాలూ తమ పని చేసినంతకాలం ఎవరూ ఎవరికీ బాకీ లేరు. ఈ వాదానికి స్పష్టత ఉంది. అయితే పట్టా మీద ఉన్న పేరు ఎక్కడి నుంచి విలువ పొందిందన్న విషయాన్ని ఇది వదిలివేస్తుంది. పరిధిలోని కళాశాలలు, వాటి విద్యార్థుల సంఖ్య, వారి రుసుములు, వారి ఫలితాలు కలిసే విశ్వవిద్యాలయాన్ని నిలబెడుతున్నాయి. పాణినీయంలో 'పాఠం' అనే మాట సిద్ధించే తీరు ఇందుకు చక్కని ఉపమానం. పఠ్ ధాతువుకు ఘఞ్ ప్రత్యయం చేరుతుంది. ఘకార ఞకారాలు అనుబంధాలు గనుక లోపిస్తాయి, అకారం మాత్రమే మిగులుతుంది. కాని ఞకారం ఉన్న కారణంగానే ధాతువులోని హ్రస్వం దీర్ఘమయింది. పాఠంలోని ఆ దీర్ఘం కనిపించని వర్ణం చేసిన పని. విశ్వవిద్యాలయ చరిత్రలో ప్రాంగణం కనిపిస్తుంది, అనుబంధం లోపిస్తుంది. ప్రాంగణపు దీర్ఘంలో ఆ లోపించినవాటి పాలు ఎంతో ఉంది.

అందువల్ల ఈ సంబంధానికి ఒప్పందం కన్న ఋణం అనే భావన సరిపోతుంది. తైత్తిరీయ సంహిత బ్రాహ్మణుడు మూడు ఋణాలతో పుడతాడని చెబుతుంది. ఋషిఋణం, దేవఋణం, పితృఋణం. శతపథ బ్రాహ్మణం వీటికి మనుష్యఋణాన్ని కూడా చేర్చింది. ఋషిఋణం అధ్యయనంతో తీరుతుంది. మనుష్యఋణం సాటి మనిషికి ఆతిథ్యమివ్వడంతో తీరుతుంది. విశ్వవిద్యాలయాలు మొదటిదానిని బాగా గుర్తించాయి. పూర్వులు చెప్పినదాన్ని చదివి, పరిరక్షించి, ముందుకు తీసుకువెళ్లడం తమ ధర్మమని చెప్పుకున్నాయి. కాని జ్ఞానదాత ఎప్పుడూ పూర్వికుడే కానక్కరలేదు. గూడెంలో కూర్చుని పాట వినిపించినవాడు సమకాలికుడు. అతని విషయంలో ఋషిఋణమూ మనుష్యఋణమూ ఒకే చోట కలుస్తున్నాయి. అతడు చెప్పినదాన్ని చదివినంత మాత్రాన సగమే తీరుతుంది. అతని పిల్లలకు విద్యలో ఆతిథ్యం దొరికితేనే మిగతా సగం తీరుతుంది.

గోండు సమాజం తనలోనే ఈ సంబంధానికి ఒక నమూనాను నిలుపుకుంది. పర్ధానులు, తోటీలు గోండుల వంశగాథలను గానం చేసే కథకులు. కీకిరి వారి వాద్యం. ఒక్కొక్క కథక కుటుంబానికి వంశపారంపర్యంగా సంబంధమున్న గోండు ఇళ్లు ఉంటాయి. ఆ ఇళ్ల దైవకార్యాలలో వారి వంశచరిత్రను పాడడం కథకుడి విధి, అతనికి కానుక ఇవ్వడం ఇంటివారి విధి. ఇక్కడ కథకుడికీ ఒక పరిధి ఉంది. అయితే ఆ పరిధిలో నడిచి వెళ్లేది జ్ఞానం ఉన్నవాడు. వినవలసినవారి గడపకు అతడే వస్తాడు. వచ్చి ఎవరి కథనో కాక వారి కథనే చెబుతాడు. అనుబంధ వ్యవస్థలో ఈ రెండూ తారుమారయ్యాయి. పరిధిలోనివారు కేంద్రానికి రావాలి, వచ్చి తమది కాని కథను నేర్చుకోవాలి. ఈ పోలిక ఆదివాసీ వ్యవస్థను ఆదర్శీకరించడానికి కాదు. వంశపారంపర్య సంబంధంలో దాని ఇబ్బందులు దానికి ఉన్నాయి. పరిధి అంటే వెళ్లవలసిన బాధ్యత అనే అర్థం కూడా సాధ్యమని, అది ఈ నేల మీద ఆచరణలో ఉన్నదని చూపడానికే ఈ ప్రస్తావన.

ఇక్కడ రెండు ఆక్షేపణలను ఎదుర్కోవాలి. ప్రాంగణ సంప్రదాయం ఒక చోట కలిసి బతికినవారి మధ్యనే పుడుతుందనీ, దాన్ని పంచిపెట్టడం సాధ్యం కాదనీ మొదటి ఆక్షేపణ. 1969లోనూ, 2009లోనూ తెలంగాణ ఉద్యమానికి విశ్వవిద్యాలయ ప్రాంగణాలు కేంద్రాలైనది అక్కడ యువకులు కలిసి ఉన్నందువల్లనే. ఇది నిజం. కాని సంప్రదాయం పుట్టే చోటు వేరు, చేరవలసిన చోటు వేరు. వందేమాతర విద్యార్థుల జ్ఞాపకం ప్రాంగణాన్ని దాటి తెలంగాణ మొత్తానికీ చేరింది. జ్ఞాపకం ప్రయాణించగలిగినప్పుడు విచారణ ప్రయాణించలేదనడానికి కారణం లేదు.

రెండవ ఆక్షేపణ బలమైనది. విశ్వవిద్యాలయం దూరప్రాంతాల మీద శ్రద్ధ పెంచడమంటే అజమాయిషీ పెంచడమే కావచ్చు. దూరం కొంత స్వేచ్ఛను కూడా ఇస్తుంది. కేంద్రం కంట పడని చోట స్థానిక జ్ఞానం తన పద్ధతిలో బతుకుతుంది. కంట పడితే అది పాఠ్యాంశమై, మార్కులై, నిర్జీవమవుతుంది. ఈ హెచ్చరికను తోసిపుచ్చలేం. దీని నుంచి తేలేది దూరంగా ఉండమని మాత్రం కాదు. తీసుకునేముందు అడగాలని, ఇచ్చేటప్పుడు ఏమి కావాలో తెలుసుకోవాలని. ఆతిథ్యానికీ అజమాయిషీకీ ఉన్న భేదం అదే. అతిథికి ఏమి కావాలో అడిగేవాడు గృహస్థు. ఏమి కావాలో తానే నిర్ణయించేవాడు అధికారి.

ప్రయోజనం: పట్టాకు అవతల

2020 నాటి జాతీయ విద్యావిధానం అనుబంధ వ్యవస్థను పదిహేనేండ్ల కాలంలో క్రమంగా తొలగించాలని ప్రతిపాదించింది. కళాశాలలు స్వయంప్రతిపత్తి పొంది తామే పట్టాలిచ్చే స్థాయికి ఎదగాలని దాని ఉద్దేశం. పరీక్షాయంత్రంగా మిగిలిన అనుబంధం పోవడం మంచిదే. అయితే ఒప్పందం రద్దయితే ఋణం రద్దవుతుందా? స్వయంప్రతిపత్తికి కావలసిన అధ్యాపకులు, గ్రంథాలయం, ఆర్థికబలం ఉన్న పట్టణ కళాశాలలు ముందు విడివడతాయి. అంచున ఉన్నవి చివరి దాకా మిగులుతాయి. లేదా ఎవరికీ చెందకుండా పోతాయి. పంపకాలలో ఇంటి పెద్ద చూడవలసింది బలమైన కొడుకు వాటాను కాదు. అనుబంధాన్ని రద్దు చేసే ముందు అది ఏ అర్థంలో ఉండిందో తేల్చుకోవడం అవసరం.

తెలుగు శాఖల వరకు ఈ ఋణం తీర్చే మార్గాలు గొప్ప వ్యయంతో కూడినవి కావు. ఒక గూడెం మీద, ఒక పాట మీద సిద్ధాంతగ్రంథం వచ్చినప్పుడు దాని ప్రతి, సేకరించిన ధ్వనిముద్రణ ఆ ఊరి బడికీ, దగ్గరి కళాశాలకూ చేరాలి. పాడినవారి అనుమతితో వారి పేరు సేకర్త పేరుతో పాటు ప్రధానస్థానంలో ఉండాలి. పాఠ్యప్రణాళికా సంఘంలో సరిహద్దు ప్రాంతాల కళాశాల అధ్యాపకుడికి అలంకారప్రాయం కాని స్థానం ఉండాలి. గోండీ, మరాఠీ, లంబాడీ ఇంటిభాషగా ఉన్న విద్యార్థికి ఆ భాషలోని కథను సేకరించి తెలుగులోకి తేవడం అధ్యయనంలో భాగమై, దానికి గుర్తింపు లభించాలి. ఒక పరిశోధకుడు బోథ్ ప్రాంతపు భాష మీద పనిచేస్తే, ఆ పనికి సంబంధించిన ఒక సదస్సు అయినా అక్కడ జరగాలి. పాడినవారు శ్రోతలుగా కూర్చుని, తప్పు ఉంటే దిద్దగలిగే సభ అది కావాలి. ఆచార్యుడి మాట దిద్దుబాటుకు నిలబడటం ఆ సభలో దూరపు విద్యార్థి చూస్తాడు. శిక్షావల్లి కోరిన సహవాసం అతనికి ఒక్క దినమైనా దొరుకుతుంది.

వీటిలో ఏదీ దయతో చేసేది కాదు. అధికారి ఎవరో తేలినప్పుడు, విషయం ఎవరిదో తేలినప్పుడు, సంబంధం ఋణమని తేలినప్పుడు ప్రయోజనం కూడా తేలుతుంది. విశ్వవిద్యాలయ ప్రయోజనం పట్టాలివ్వడంతో ముగియదు. తన పేరును ధరించినవాడు ఆ పేరు విషయంలో మాట్లాడగలిగే స్థితిని కల్పించడం దాని ప్రయోజనం. ఈ నాలుగూ స్పష్టం కాని గ్రంథాన్ని వివేకి విప్పడు. విశ్వవిద్యాలయం విషయంలో బోథ్ విద్యార్థికి ఆ ఎంపిక లేదు. అతడు పరిధిలో పుట్టాడు గనుక ప్రవేశిస్తాడు. ఆ నాలుగింటిని చెప్పవలసిన బాధ్యత అందుచేత ప్రవేశించేవాడిది కాదు, ప్రవేశింపజేసుకునేవారిది.

ఉపసంహారం

ఉస్మానియా చరిత్ర నుంచి కాకతీయ పరిధి వరకు చూసినప్పుడు తేలే అంశాలు మూడు. పరిధి, బాధ్యత ఒకటి కావు. పరిధి లేకుండా బాధ్యత వహించిన నాగపూర్ ఉదాహరణ పరిధి ఉన్నవారి బాధ్యతను రెట్టింపు చేస్తుంది. విశ్వవిద్యాలయానికీ దూరప్రాంతానికీ మధ్య జ్ఞానం ఒకే దిశలో ప్రవహించదు. మార్లవాయి, గుంజాల ఇందుకు సాక్ష్యం. తీసుకున్న చోటికి తిరిగి ఇవ్వడం ఔదార్యం కాదు, ఋణవిమోచనం. తన భాషకు గౌరవం కోరి నిలిచిన తెలుగు శాఖకు తన పరిధిలోని ఇతర భాషల విషయంలో అదే కొలమానం వర్తిస్తుంది.

అనుబంధమనే మాటకు పాలనాభాష ఇచ్చిన అర్థం ఏదో ఒక నాడు చట్టసవరణతో తొలగవచ్చు. వ్యాకరణం ఇచ్చిన అర్థం, తన పని చేసి కనుమరుగయ్యే వర్ణంగా, ఇప్పటికే ఆచరణలో ఉంది. తెలుగువారు రోజువారీ మాటలలో ఆ పదానికి ఇచ్చిన అర్థం మాత్రం విశ్వవిద్యాలయాలు ఇంకా సంపాదించుకోవలసే ఉంది.